టండ్రా నుండి గుండ్లకమ్మ దాకా: ఉల్లంకి పిట్ట, కరువు, వాతావరణ మార్పు – పశ్చిమ ప్రకాశం నేపథ్యంలో ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

ఉత్తర ధ్రువ ప్రాంతపు టండ్రాలో గుడ్లు పెట్టి, శీతాకాలాన్ని దక్షిణ భారతంలో గడిపే నీటి అంచు పక్షులను తెలుగువారు ఉల్లంకులు అన్నారు. ఈ పక్షుల గురించిన జ్ఞానం, కరువు గురించిన వాతావరణ శాస్త్ర జ్ఞానం రెండూ 1875–1903 మధ్యకాలంలో దాదాపు ఒకే చేతుల మీదుగా రూపుదిద్దుకొన్న తీరును, నేటి ఆర్కిటిక్ తాపం ఆ పక్షుల మీద చూపుతున్న ప్రభావాన్ని, పశ్చిమ ప్రకాశం చెరువుల స్థితితో కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఉల్లంకి, టండ్రా, కంభం చెరువు, ధాత కరువు, బ్లాన్‌ఫర్డ్ సోదరులు, వలస పక్షులు, నల్లమలసాగర్.

1. ప్రవేశిక

పెద్దారవీడు, మార్కాపురం, కంభం, గిద్దలూరు సీమలో కూర్చొని ఉత్తర ధ్రువపు సముద్ర పక్షుల గురించి రాయడం కొంత వింతగా తోచవచ్చు. ఇది నల్లమల తూర్పు వాలుకు ఆనుకొన్న మెట్ట నేల. వర్షం తక్కువ, బోరు లోతు ఎక్కువ, భూగర్భజలంలో ఫ్లోరైడు. ఇక్కడి వార్తల్లో మంచు కనిపించదు, నీరు కనిపిస్తుంది, అదీ లేదని. అయినా వేల కిలోమీటర్ల దూరంలోని టండ్రాతో ఈ నేలకు ఒక ప్రాణసంబంధం ఉంది. జూన్, జూలై నెలల్లో సైబీరియా ఉత్తరపు అంచున పొదిగిన పిల్ల ఆగస్టు, సెప్టెంబరు నాటికి దక్షిణ భారతపు చెరువు బురదలో పురుగు ఏరుకొంటుంది. పాతిక గ్రాములు తూగే లిటిల్ స్టింట్ అనే చిన్న పిట్ట చేసే పని ఇది. సముద్ర తీరంలోనే కాక లోతట్టు చెరువుల అంచుల్లోనూ అది చలికాలం గడుపుతుంది. ధ్రువ ప్రాంతాన్ని అడుగు బయట పెట్టని పక్షుల గురించి తెలుగులో అనువాద వ్యాసాలు వస్తున్నాయి. మన చెరువుకు వచ్చే ధ్రువపక్షి గురించి చరిత్ర దృష్టితో రాసినవి అరుదు. ఆ కొరతే ఈ ప్రయత్నానికి ప్రేరణ.

ఒక వివరణ అవసరం. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడే దాకా మార్కాపురం, కంభం ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. 1972లో ఆ కొత్త జిల్లాకు ప్రకాశం పేరు వచ్చింది. కాబట్టి పంతొమ్మిదో శతాబ్దపు ఆధారాల్లో ఈ సీమను వెతకవలసింది కర్నూలు పేరు కింద. 1886లో నరహరి గోపాలకృష్ణమ్మ చెట్టి వెలువరించిన కర్నూలు జిల్లా మాన్యువల్ ఇందుకు మొదటి మెట్టు. ఒంగోలు పేరుతో మాత్రమే వెతికే పరిశోధకులు తరచు ఖాళీ చేతులతో తిరిగివస్తారు.

2. చెరువు, కవి, బాతులు

గుండ్లకమ్మ నల్లమలలో పుట్టి కంభం దగ్గర రెండు కొండల మధ్య ఇరుకు దారిలోంచి బయటపడుతుంది. ఆ ఇరుకుకు అడ్డంగా వేసిన కట్టే కంభం చెరువు. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల దేవి అయిన వరదరాజమ్మ దీన్ని కట్టించిందని స్థానిక సంప్రదాయం చెబుతుంది. పూర్తిగా నిండితే సుమారు ఏడు కిలోమీటర్ల పొడవున, మూడున్నర కిలోమీటర్ల వెడల్పున నీరు పరచుకొంటుంది. 2020లో అంతర్జాతీయ నీటిపారుదల, మురుగునీటి సంఘం దీన్ని వారసత్వ నీటిపారుదల కట్టడాల జాబితాలో చేర్చింది. అదే ఏడాది కడప జిల్లా పోరుమామిళ్ళ చెరువుకూ ఆ గుర్తింపు దక్కింది. 1369 నాటి పోరుమామిళ్ళ శాసనం చెరువు కట్టడానికి కావలసిన అంగాలను, తగని దోషాలను వివరంగా చెప్పిన అపురూపమైన పత్రం. చెరువు అనేది ఆ కాలానికే ఒక శాస్త్రం అనడానికి అది చాలు.

రాయల పేరు వచ్చింది కనుక ఒక మాట. ఆముక్తమాల్యద ప్రథమాశ్వాసంలో విల్లిపుత్తూరు వర్ణనలో ఒక ప్రసిద్ధ పద్యం ఉంది. వరిమళ్ళ కాలువల్లో తలలు రెక్కల్లో దూర్చుకొని నిద్రించే బాతులను చూసి, వేకువ స్నానాలు చేసిన బ్రాహ్మణులు మరచిపోయిన తడిబట్టల ముద్దలని తలారులు భ్రమిస్తారు. వాటిని తీసుకొచ్చి ఇద్దామని దిగగానే బాతులు లేచిపోతాయి. కాపు పడుచులు నవ్వుతారు. అలంకారికులు దీన్ని భ్రాంతిమంతానికి ఉదాహరణగా చూపుతారు. పక్షి చరిత్ర రాసేవారికి ఇందులో మరొకటి కనిపిస్తుంది: సాగునీరున్న చోట నీటిపక్షి ఉండటం అంత సహజమైన విషయం కావడం వల్లనే ఆ హాస్యం పండింది. హంసలు వానాకాలంలో మానససరస్సుకు పోయి శరత్తులో తిరిగివస్తాయన్న కవిసమయం కూడా పూర్తిగా కల్పన కాదు. పట్టెతల బాతు టిబెట్టు పీఠభూమి సరస్సుల్లో పొదిగి చలికాలానికి మన వైపు వస్తుంది. నెలల లెక్క అంతగా కుదరదు. ఆ బాతులు తొలకరికి చాలా ముందే, ఎండలు ముదిరే వేళకే వెళ్ళిపోతాయి. కానీ దిక్కు సరిగ్గా కుదిరింది. ఉత్తరానికి పోతాయి, ఉత్తరం నుంచి వస్తాయి అన్నంత వరకు మన కవులకు తెలుసు. హిమాలయానికి ఆవల ఏముందన్నది వారి ప్రశ్న కాదు.

బురద అంచున తిరిగే చిన్న ఉల్లంకికి మాత్రం కావ్యగౌరవం దక్కలేదు. అది వేటగాడి మాటల్లో, జాలరి మాటల్లో బతికింది. నిఘంటువులోకి రావడానికి పంతొమ్మిదో శతాబ్దం దాకా ఆగవలసి వచ్చింది.

3. ఇద్దరు సోదరులు, ఒక నిఘంటువు

పక్షుల తెలుగు పేర్లను గ్రంథస్థం చేసినవారిలో థామస్ కావెర్హిల్ జెర్డాన్ (1811–1872) ముఖ్యుడు. మద్రాసు సర్వీసులో వైద్యుడైన ఆయన నెల్లూరులో పనిచేశాడు. 1862–64లో వెలువడిన ఆయన ‘బర్డ్స్ ఆఫ్ ఇండియా’లో పక్షి శాస్త్రీయ నామం వెంట దేశభాషల పేర్లు వస్తాయి, వాటిలో తెలుగు పేర్లు గణనీయం. ఆ పేర్లు ఆయనకు పుస్తకాల్లో దొరికినవి కావు, పక్షిని పట్టి తెచ్చినవారి నోట విన్నవి. కలివికోడి కథ ఇందుకు సాక్ష్యం. జెర్డాన్ సేకరించిన ఆ పక్షిని 1848లో బ్లైత్ వర్ణించాడు. 1900లో అనంతపురం సమీపంలో హోవార్డ్ కాంబెల్ చూసిన తరువాత ఎనభై ఆరేళ్ళు అది ఎవరి లెక్కలోనూ లేదు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర భరత్ భూషణ్ దాన్ని తిరిగి వెలుగులోకి తెచ్చినప్పుడు, పక్షిని పట్టి చూపినవాడు ఐతన్న అనే స్థానిక వేటగాడు. శాస్త్రం ‘అంతరించింది’ అని రాసుకొన్న పక్షికి ఊళ్ళో పేరు ఉంది. కలివి పొదల్లో తిరిగేది కనుక కలివికోడి.

పైన చెప్పిన కాంబెల్ మనకు మరో చోట కూడా తారసపడతాడు. లండన్ మిషన్ వారి తరఫున కడప ప్రాంతంలో పనిచేసిన విలియం హోవార్డ్ కాంబెల్ 1903లో వెలువడిన బ్రౌన్ తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు రెండో కూర్పు పరిష్కర్తల్లో ఒకడు. తక్కిన ఇద్దరు ఎం. వెంకటరత్నం, కందుకూరి వీరేశలింగం. ఈ కూర్పులో పక్షుల ఆరోపాల పక్కన ‘ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా’ను సూచించే పొడి అక్షరాలు కనిపిస్తాయి. ఉల్లంకి అనే మాటకు స్టింటు వంటి నీటి అంచు పక్షుల అర్థాలు అలాగే నిలిచాయి. ఆ గ్రంథమాలలో పక్షుల సంపుటాలు 1889–98 మధ్య వచ్చాయి. అంటే 1850ల్లో బ్రౌన్ వేసిన తొలి కూర్పుకు అవి అందే వీలు లేదు. ఈ పేర్లు చేర్చిన చేయి పక్షులంటే ఆసక్తి ఉన్న కాంబెల్‌దే అయి ఉంటుందన్నది నా ఊహ. నిఘంటు నిర్మాణ చరిత్ర మీద పనిచేసేవారు రెండు కూర్పులనూ ఆరోపం వెంట ఆరోపంగా పోల్చి చూస్తే దీన్ని నిర్ధారించడమో తోసిపుచ్చడమో సాధ్యమే.

ఉల్లంకులు ఉన్న నాలుగో పక్షి సంపుటాన్ని 1898లో రాసినవాడు విలియం థామస్ బ్లాన్‌ఫర్డ్. ఆయన తమ్ముడు హెన్రీ ఫ్రాన్సిస్ బ్లాన్‌ఫర్డ్. ఇద్దరూ 1855లో భారత భూగర్భ సర్వే ఉద్యోగులుగా వచ్చారు. అన్న రాళ్ళ నుంచి జంతువుల వైపు, తమ్ముడు రాళ్ళ నుంచి గాలుల వైపు మళ్ళారు. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడినప్పుడు దాని తొలి అధిపతి హెన్రీయే. ఆ మరుసటి ఏడాదే మద్రాసు రాజధానిలో వానలు తప్పాయి.

1876–78 కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. 1871, 1881 జనాభా లెక్కల మధ్య కర్నూలు జిల్లా దాదాపు నాలుగోవంతు మనుషులను కోల్పోయింది. మార్కాపురం, కంభం తాలూకాలు ఆ జిల్లాలోనివే. వాన ఎందుకు తప్పిందన్న ప్రశ్న దీంతో ప్రభుత్వ ప్రశ్న అయింది. 1884లో రాయల్ సొసైటీకి సమర్పించిన పత్రంలో హెన్రీ బ్లాన్‌ఫర్డ్ ఒక సమాధానం ప్రతిపాదించాడు: హిమాలయాల్లో మంచు ఎక్కువగా, ఆలస్యంగా పడిన ఏడాది మైదానాల మీద పొడిగాలులు వీస్తాయి, రుతుపవనం బలహీనపడుతుంది. 1886 జూన్ 4న వెలువడిన తొలి దీర్ఘకాల వర్షసూచన ఈ ఆలోచన మీదే నిలిచింది. తరువాత గిల్బర్ట్ వాకర్ (1904–24) ఆ చూపును పసిఫిక్ దాకా విస్తరించాడు. 1976లో హాన్, శుక్ల అనే శాస్త్రవేత్తలు ఉపగ్రహ చిత్రాల సాయంతో యురేషియా ఖండమంతటి మంచుకూ మన వానకూ విలోమ సంబంధాన్ని చూపారు. మంచు లెక్క ఇప్పుడు హిమాలయం దాటి సైబీరియాకు చేరింది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ధాత కరువును మంచుతోనో పసిఫిక్ వేడితోనో పూర్తిగా వివరించి ఊరుకొంటే, చనిపోయినవారికి అన్యాయం చేసినట్టే. ఆ రెండేళ్ళలోనూ రేవుల నుంచి ధాన్యం ఎగుమతి ఆగలేదు. సహాయ పనుల్లో కూలీకి ఇచ్చే తిండిని టెంపుల్ తగ్గించిన తీరు అప్పుడే వివాదమైంది. చెరువుల మరమ్మతుకు ఆధారమైన దశబంధం ఇనాముల వంటి ఏర్పాట్లు కంపెనీ పాలనలో క్షీణించాయి. వాన తప్పడం ప్రకృతి పని. దాన్ని మరణంగా మార్చడం పాలన పని. ఈ తేడా పక్షుల విషయంలోనూ మళ్ళీ ఎదురవుతుంది.

అదే 1875లో, హెన్రీ బ్లాన్‌ఫర్డ్ కొత్త కుర్చీలో కూర్చొన్న ఏడాదిలో, షెఫీల్డుకు చెందిన ఉక్కు వ్యాపారి హెన్రీ సీబోమ్ తన మిత్రుడు హార్వీ-బ్రౌన్‌తో కలిసి రష్యాలోని పెచోరా నది ముఖద్వారానికి ప్రయాణం కట్టాడు. గ్రే ప్లోవర్, లిటిల్ స్టింట్ పక్షుల గూళ్ళు వెతకడం వారి పని, రెండూ దొరికాయి. 1877లో సీబోమ్ యెనిసెయ్ నది దాకా వెళ్ళాడు. కర్ల్యూ శాండ్‌పైపర్ గుడ్లు మాత్రం 1897లో అదే యెనిసెయ్ ముఖద్వారంలో పోఫమ్‌కు దొరికేదాకా ఎవరికీ చిక్కలేదు. అంటే అన్న బ్లాన్‌ఫర్డ్ తన నాలుగో సంపుటం ముగించేనాటికి, మన చెరువుల్లోనూ ఉప్పుటేరుల్లోనూ చలికాలంలో కనిపించే ఈ పిట్టల పుట్టిల్లు ఎక్కడో లోకానికి తెలిసి ఒకటి రెండు దశాబ్దాలే అయింది. ఒకే ఇంటివారిలో తమ్ముడు కరువుకు కారణం ఉత్తరపు మంచులో వెతికాడు. అన్న ఉత్తరపు మంచు నుంచి వచ్చే పక్షుల జాబితా రాశాడు. ఈ రెండు పనులను కలిపి చూడవలసిన అవసరం వారికి రాలేదు. మనకు వచ్చింది.

4. ఉంగరాల కాలం

ఇరవయ్యో శతాబ్దపు తొలి సగాన్ని త్వరగా దాటవచ్చు. 1929–30లో వెర్నే సర్వే నల్లమలతో సహా తూర్పు కనుమల పక్షులను సేకరించింది; విస్లర్, కిన్నియర్ 1930ల్లో వాటి వివరాలు ప్రచురించారు. నైజాం రాజ్యపు పక్షులను 1931–32లో సాలిం అలీ పరిశీలించాడు. ఇవి ఎక్కడ ఏ పక్షి ఉందో చెబుతాయి. ఎన్ని ఉన్నాయో, ఎక్కడి నుంచి వచ్చాయో చెప్పవు.

వలస దారులు తెలియడం విచిత్రంగా ఒక జ్వరం వల్ల మొదలైంది. 1957లో మైసూరు రాజ్యపు క్యాసనూరు అడవిలో కోతులనూ మనుషులనూ చంపిన వైరస్ రష్యాలో కనిపించే మెదడువాపు వైరస్‌కు దగ్గరిదని తేలింది. సైబీరియా నుంచి వచ్చే పక్షులే దాన్ని తెచ్చాయేమోనన్న అనుమానంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ సాయం చేయగా బొంబాయి సహజచరిత్ర సంఘం 1959లో పక్షుల కాళ్ళకు ఉంగరాలు తొడిగే పని చేపట్టింది. తరువాతి ఏళ్ళలో అమెరికా సైన్యపు నిధులు ఇందులోకి రావడం పెద్ద రాజకీయ వివాదానికి దారితీసింది. అనుమానం నిజం కాలేదు. ఉంగరాలు మాత్రం మిగిలాయి. తమిళనాడు కోడియక్కరైలో దశాబ్దాలపాటు ఉల్లంకులకు ఉంగరాలు తొడిగారు. అక్కడ తొడిగిన ఉంగరం సైబీరియాలో దొరికినప్పుడు కవిసమయం కాస్తా భౌగోళిక సత్యమైంది.

కోడియక్కరై లెక్కలకు ఇంకో విలువ ఉంది. అక్కడి చిన్న ఉల్లంకుల సంఖ్య 1980ల తరువాత బాగా పడిపోయింది. దశాబ్దాలు అక్కడే పనిచేసిన బాలచంద్రన్ దీనికి మొదటి కారణంగా టండ్రాను చూపలేదు; ఉప్పు కొఠార్లను, మంచినీటి ప్రవాహం తగ్గడాన్ని, బురదలో తిండి మారడాన్ని చూపాడు. పక్షి తగ్గిందంటే వెంటనే ధ్రువం వైపు వేలు చూపే అలవాటు ఉన్నవారు ఈ పనిని చదవాలి. దేశవ్యాప్తంగా పక్షి పరిశీలకుల నమోదులను ఆధారం చేసుకొని 2023లో వెలువడిన భారత పక్షుల స్థితి నివేదిక, దూరాల నుంచి వచ్చే వలస పక్షులు స్థానిక పక్షులకన్నా ఎక్కువగా తగ్గాయని చెప్పింది. 2024 అక్టోబరులో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం గ్రే ప్లోవర్‌నూ కర్ల్యూ శాండ్‌పైపర్‌నూ ముప్పు ఎదుర్కొంటున్న జాతుల్లో చేర్చింది. రెండూ టండ్రా బిడ్డలు, రెండూ మన తూర్పు తీరానికి వచ్చేవి. సీబోమ్, పోఫమ్ ప్రాణాలకు తెగించి గూళ్ళు వెతికిన పక్షులు సరిగ్గా ఇవే.

5. పుట్టింట్లో ఏం జరుగుతోంది

1979 నుంచి ఉత్తర ధ్రువ ప్రాంతం భూగోళపు సగటు కన్నా దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని 2022లో ఫిన్లాండ్ శాస్త్రవేత్తలు లెక్కకట్టారు. సముద్రపు మంచు వెలుతురును వెనక్కి తిప్పుతుంది. మంచు కరిగితే నల్లని నీరు ఆ వేడిని మింగుతుంది. మరింత మంచు కరుగుతుంది. కారణాల్లో ఇదొకటి, పెద్దది.

సముద్ర పక్షుల మీద దీని ప్రభావాన్ని ఒక్క మనిషి జీవితకాలపు నమోదులో చూడవచ్చు. అలాస్కా ఉత్తర తీరాన కూపర్ దీవిలో జార్జ్ దివోకీ 1975 నుంచి బ్లాక్ గిల్లెమాట్ అనే పక్షులను ఏటా లెక్కపెడుతున్నాడు. తొలి ఏళ్ళలో వేడి వారికి మేలే చేసింది; మంచులేని వేసవి కాస్త పొడిగి పిల్లలు ఎదిగే వ్యవధి దొరికింది. 1980ల చివరికి రెండు వందల జతలు దాటాయి. తరువాత మంచు అంచు తీరానికి దూరం జరిగింది. ఆ మంచు కింద తిరిగే ఆర్కిటిక్ కాడ్ చేప అందక పిల్లలు ఆకలితో చచ్చాయి. మంచు లేక ఒడ్డున చిక్కుకొన్న ధ్రువపు ఎలుగులు గూళ్ళు తవ్వి తినసాగాయి. దివోకీ గట్టి ప్లాస్టిక్ పెట్టెలను గూళ్ళుగా అమర్చి కొంత కాపాడినా జతలు వందకు దిగువకు పడిపోయాయి. 2014–16లో ఉత్తర పసిఫిక్‌లో వచ్చిన సముద్రపు వడగాలి అలాస్కాలో సుమారు నలభై లక్షల కామన్ మర్ పక్షులను బలితీసుకొందని, అది అక్కడి సంఖ్యలో సగమని 2024లో ఒక అధ్యయనం తేల్చింది. ఆధునిక కాలంలో ఒకే ఘటనలో ఇన్ని అడవి పక్షులు చనిపోయిన నమోదు మరొకటి దొరకడం కష్టం.

ఉల్లంకుల కష్టం వేరు రకం. టండ్రా వేసవి చాలా చిన్నది. మంచు కరిగిన కొద్ది వారాల్లో పురుగులు ఒక్కసారిగా లేస్తాయి. ఆ వేళకే పిల్లలు గుడ్డు పగిలి బయటికి రావాలి. ఉల్లంకి పిల్లకు తల్లి తినిపించదు, పుట్టిన రోజు నుంచే తానే ఏరుకోవాలి. మంచు ముందే కరిగితే పురుగుల పండుగ ముందే ముగుస్తుంది. అక్కడ ఏం మారిందో వేల కిలోమీటర్ల దూరాన చెరువులో ఉన్న తల్లికి తెలియదు; అది బయలుదేరే వేళ పగటి నిడివిని బట్టి నిర్ణయమవుతుంది. తైమీర్ ద్వీపకల్పంలో పొదిగే రెడ్ నాట్ పక్షుల మీద 2016లో వచ్చిన పరిశోధన ఈ అసంగతం ఎంత దూరం పోతుందో చూపింది. మంచు ముందే కరిగిన ఏళ్ళలో పుట్టిన పిల్లలు చిన్న శరీరంతో, పొట్టి ముక్కుతో ఎదిగాయి. పశ్చిమ ఆఫ్రికాలోని మౌరిటానియా తీరానికి చేరాక ఆ పొట్టి ముక్కు ఇసుకలో లోతుగా ఉన్న ఆల్చిప్పలను అందుకోలేకపోయింది. చావు ఆఫ్రికాలో, కారణం సైబీరియాలో. అలాంటి గొలుసు భారత తీరంలోనూ ఉండవచ్చునన్నది సహేతుకమైన ఆలోచన.

ఈ శాస్త్రంలోనూ చరిత్రకారులకు పరిచితమైన పేచీ ఒకటి ఉంది. 2018లో ఒక బృందం డెబ్బై ఏళ్ళ నమోదులను కూడి, ఆర్కిటిక్‌లో నీటి అంచు పక్షుల గూళ్ళు దోపిడీకి గురికావడం బాగా పెరిగిందని ప్రకటించింది. మరుసటి ఏడాది మరో బృందం అదే పత్రికలో అభ్యంతరం చెప్పింది: పాత రోజుల్లో గూళ్ళను వెతికిన పద్ధతి వేరు, ఇప్పటి పద్ధతి వేరు, పెరిగింది దోపిడీ కాదు, నమోదు కావచ్చు. 1871 జనాభా లెక్కను 1881 లెక్కతో పోల్చేటప్పుడు మనం పడే తిప్పలే ఇవి. పత్రం ఎవరు, ఎందుకు, ఎలా రాశారన్న ప్రశ్నను శాస్త్రవేత్తలు కూడా వేసుకొంటున్నందుకు సంతోషించాలి.

6. మెట్టినిల్లు

ఉల్లంకికి లోతు నీరు పనికిరాదు. దాని కాళ్ళు మునగని నీరు, నీరు వెనక్కి తగ్గుతూ వదిలిన తడి బురద, ఆ బురదలో పురుగు కావాలి. తూము తీసి పంటకు నీరు వదిలినకొద్దీ చెరువు అంచు రోజూ కొంత వెనక్కి పోతుంది. రోజూ కొత్త బురద బయటపడుతుంది. నవంబరు నుంచి మార్చి దాకా ఈ తగ్గుదల సాగడం వల్లనే మన చెరువు వలస పక్షికి సత్రమైంది. రాయల కాలపు ఇంజనీరు ఉల్లంకిని మనసులో పెట్టుకొని కట్ట వేయలేదు. పల్లపు ముంపు ఉన్న పాత చెరువు పద్ధతి దానంతటదే ఈ మేలు చేసింది.

ఈ పద్ధతి ఇప్పుడు చెదిరింది. వాన రోజులు తగ్గి ఒక్కో వాన ఉధృతంగా పడే ధోరణి, ఎగువన అడ్డుకట్టలు, వందల అడుగుల బోర్లు, చెరువు గర్భంలో అల్లుకొన్న సర్కారు తుమ్మ కలిసి బురద అంచును మాయం చేస్తున్నాయి. పూడికతీత పేరుతో యంత్రాలు తవ్విన నిట్రగుంటలు నీటిని నిలిపినా, ఒడ్డు నిటారుగా ఉంటుంది కనుక ఉల్లంకి నిలవలేదు. చెరువు మరమ్మతును వ్యతిరేకించడం నా ఉద్దేశం కాదు. కరువు సీమలో ఆ మాట ఎవరూ అనకూడదు. అంచును ఏటవాలుగా వదిలితే ఆయకట్టుకూ నష్టం లేదు, పక్షికీ చోటు దక్కుతుందన్నదే చెప్పదలచింది.

పెద్దారవీడు మండలానికి సంబంధించిన ప్రస్తావన ఇక్కడే వస్తుంది. పూల సుబ్బయ్య పేరిట ఉన్న వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం ఎగువన కొల్లంవాగు దగ్గర కృష్ణ వరదనీటిని తీసుకొని, నల్లమల కింద తొలిచిన సుమారు 18.8 కిలోమీటర్ల జంట సొరంగాల ద్వారా ఇవతలికి తేవడం పథకం. మొదటి సొరంగం తవ్వకం 2021లో, రెండోది 2024లో పూర్తయ్యాయి. కొండల మధ్య సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల అనే మూడు ఖాళీలను కట్టలతో మూసి 43.5 టీఎంసీల నల్లమలసాగర్‌ను తీర్చిదిద్దారు. లక్ష్యం 4.47 లక్షల ఎకరాల సాగు, 15.25 లక్షల మందికి తాగునీరు. సుంకేసుల, కలనూతల, గుండంచెర్ల వంటి ఊళ్ళు ముంపు జాబితాలో చేరాయి. కంభం దగ్గర గుండ్లకమ్మను రెండు కొండల మధ్య ఆపిన ఉపాయమే ఇక్కడ మళ్ళీ కనిపిస్తుంది, కొలత మారింది.

కొత్త నీరు వస్తే పక్షులు వాటంతట అవే వస్తాయని ఆశించేవారున్నారు. లోతైన, కొండవాలు జలాశయం నీటికాకులకు, కొన్ని పరజలకు అనుకూలించవచ్చు. ఉల్లంకికి కావలసినది జలాశయం కాదు, దాని కాలువల చివరన నిండే ఊరి చెరువు. కృష్ణ నీరు ఈ సీమ పాత చెరువులకు చేరి, అవి నవంబరులో నిండుగా ఉండి, మార్చి దాకా మెల్లగా తరుగుతూ ఉంటే బురద అంచు తిరిగి ఏర్పడుతుంది. నేరుగా గొట్టాల్లో పొలానికే పోతే ఏర్పడదు. ఇది ఇంజనీర్లు, రైతులు మాట్లాడుకొని తేల్చవలసిన వివరం. పక్షి ప్రేమికులు మాత్రమే అడిగితే నెగ్గే విషయం కాదు. ముంపు ఊళ్ళవారి పునరావాసం మాట ముందు తేలకుండా పిట్ట మాట ఎత్తడం న్యాయమూ కాదు.

టండ్రా వేడిని పశ్చిమ ప్రకాశంలో ఎవరూ ఆపలేరు. ధాత కరువులో వాన తప్పడాన్నీ ఎవరూ ఆపలేకపోయారు. అప్పుడు చర్చ ధాన్యం గురించి జరగవలసింది. ఇప్పుడు చర్చ చెరువు అంచు గురించి జరగవలసి ఉంది. కర్నూలు మాన్యువల్ నాటి తాలూకా పత్రాల్లో చెరువులు ఆయకట్టు ఎకరాలుగా, శిస్తు రూపాయలుగా నమోదయ్యాయి. ఇవాళ కళాశాలల విద్యార్థులు చలికాలంలో ఒక ఉదయం కంభం కట్ట మీద గానీ తమ ఊరి చెరువు దగ్గర గానీ నిలబడి, నీటి అంచున తిరిగే పిట్టలను లెక్కపెట్టి తేదీతో సహా రాసిపెట్టవచ్చు. ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి ప్రతి జనవరిలోనూ ఇలాంటి లెక్కలనే కోరుతోంది. పిట్ట పేరు దగ్గర ఉల్లంకి అని తెలుగులోనే రాసుకోవచ్చు. 1903 నాటి నిఘంటువులో ఆ మాట ఉంది.